మే నెలలో మొండికేసిన కంప్యూటర్: ప్రాసెసర్ వోల్టేజ్, క్లాక్ మారిస్తే లోపల ఏం జరుగుతుంది?

మా అక్క కొడుకు డిసెంబర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాడు. మార్చి దాకా ఏ ఇబ్బందీ లేదు. తిరుపతిలో ఎండలు ముదిరేసరికి అది మొండికేసింది. గేమ్ తెరిస్తే ‘వీడియో మెమరీ చాలడం లేదు’ అని చెప్పి మూసుకుపోతుంది. కాలేజీ ప్రాజెక్టు ఫైళ్ళను జిప్ చేసి పెట్టుకుంటే, వారం తర్వాత ఆ జిప్ తెరుచుకోదు. 

‘మామా, గ్రాఫిక్స్ కార్డు పోయిందంటున్నాడు షాపాయన. మార్చేద్దామా?’ అని బైరాగిపట్టెడ నుంచి ఫోన్ చేశాడు. నేను సమాధానం చెప్పేలోపే మార్చేశారు కూడా. తప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. చివరికి ఒక ఆదివారం కూర్చుని బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకోగల హార్డ్‌వేర్ సెట్టింగుల మెనూ) తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. పాత యజమాని ప్రాసెసర్‌కి వెళ్ళే వోల్టేజ్‌ని కొంచెం తగ్గించి, క్లాక్‌ని కొంచెం పెంచి పెట్టాడు. చలికాలంలో ఆ లెక్క సరిపోయింది. మే నెలలో సరిపోలేదు.

ఈ సెట్టింగుల గురించి రెండు రకాల మాటలు వింటుంటాం. ‘ఐదు నిమిషాల్లో ఉచితంగా స్పీడ్ పెంచుకోండి’ అనేది ఒకటి. ‘ముట్టుకుంటే చిప్ కాలిపోతుంది’ అనేది రెండోది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లు వాటంతట అవే దెబ్బతింటున్నాయన్న గొడవ వార్తల్లోకి వచ్చాక, ఏ సెట్టింగూ మార్చనివాళ్ళకు కూడా టెన్షన్ పట్టుకుంది. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కానీ అసలు ప్రమాదం మంటల్లో లేదు, అంత ఆర్భాటం లేని చోట ఉంది.

గోడ ప్లగ్గులోని వోల్టేజ్ వేరు, చిప్‌లోని వోల్టేజ్ వేరు

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. మన ఊళ్ళో ‘వోల్టేజ్ ఎక్కువై కాలిపోయింది’ అంటే జనం అనుకునేది కరెంటు స్తంభం నుంచి వచ్చే 230 వోల్టుల సంగతి. దానికి స్టెబిలైజర్, యూపీఎస్ ఉన్నాయి. ప్రాసెసర్ వోల్టేజ్ అంటే అది కాదు. కంప్యూటర్ డబ్బాలోని ఎస్‌ఎంపీఎస్ ఆ 230 వోల్టులను 12 వోల్టులకు దించుతుంది. మదర్‌బోర్డ్ మీద, ప్రాసెసర్ చుట్టూ ఉండే చిన్న సర్క్యూట్లు ఆ 12ను మళ్ళీ దించి, సుమారుగా 1 వోల్టు నుంచి 1.4 వోల్టుల దాకా ప్రాసెసర్‌కి ఇస్తాయి. బయోస్‌లో మార్చేది ఈ చివరి అంకెని.

ఒకటిన్నర వోల్టుకే ఇంత భయమా అనిపిస్తుంది. చేతి టార్చిలో వేసే ఒక సెల్ కూడా అంతే కదా. తేడా ఎక్కడంటే ఆంపియర్లలో. 120 వాట్లు తినే ప్రాసెసర్‌కి 1.2 వోల్టులు ఇస్తున్నామంటే, అందులోకి 100 ఆంపియర్లు పారుతున్నాయన్న మాట. మన ఇంటి మెయిన్ ఎంసీబీ చాలాచోట్ల 32 ఆంపియర్లది. దానికి మూడింతల కరెంటు, గోరంత సిలికాన్ ముక్కలోకి, వెంట్రుక కన్నా ఎన్నో వందల రెట్లు సన్నని రాగి దారుల గుండా వెళ్తోంది. అందుకే ఇక్కడ 0.1 వోల్టు కూడా చిన్న మార్పు కాదు.

క్లాక్ అంటే వాహనం మోసేవాళ్ళ అడుగు

బ్రహ్మోత్సవాల్లో మాడ వీధుల్లో వాహన సేవ చూసినవాళ్ళకు క్లాక్ గురించి చెప్పడం తేలిక. ఎంతమంది మోస్తున్నా అడుగు ఒక్కటిగా పడాలి. డోలు దెబ్బకు ఒక అడుగు చొప్పున వేస్తున్నారనుకుందాం. తర్వాతి దెబ్బ పడేలోపు ప్రతి ఒక్కరి కాలూ నేలమీద ఉండాలి. దెబ్బల వేగం పెంచితే పొడుగు కాళ్ళవాళ్ళు అందుకుంటారు. పొట్టి కాళ్ళాయన ఒక్కడు వెనకబడితే చాలు, వాహనం ఒక పక్కకు ఒరుగుతుంది. అంటే మొత్తం బృందం వేగాన్ని నిర్ణయించేది అందరిలోకీ నిదానమైన మనిషి.

ప్రాసెసర్‌లో ఆ డోలు దెబ్బే క్లాక్. 5 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 500 కోట్ల దెబ్బలు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉండే వ్యవధి 200 పికోసెకన్లు. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో 200 ముక్కలు. ఆ వ్యవధిలో కాంతి కూడా 6 సెంటీమీటర్లకు మించి పోలేదు. అంతలోనే ఒక కూడికో, ఒక పోలికో పూర్తయి, జవాబు తన చోట కుదురుకోవాలి. క్లాక్‌ని 5.5కు పెంచితే ఆ గడువు 182 పికోసెకన్లకు తగ్గుతుంది. చిప్‌లోని కోట్ల దారుల్లో అన్నిటికన్నా పొడవైనది, నిదానమైనది ఏదో, అది ఆ గడువు అందుకోలేకపోతే జవాబు తప్పుగా నమోదవుతుంది.

ఇక వోల్టేజ్ చేసే పని మోసేవాళ్ళకు సత్తువ ఇవ్వడం. వోల్టేజ్ ఎక్కువైతే ట్రాన్సిస్టర్లు (చిప్‌లోని అతి చిన్న స్విచ్‌లు) త్వరగా తెరుచుకుంటాయి, త్వరగా మూసుకుంటాయి. కాబట్టి క్లాక్ పెంచేవాళ్ళు వోల్టేజ్ కూడా పెంచుతారు. దీన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. క్లాక్ అలాగే ఉంచి వోల్టేజ్ మాత్రం తగ్గించడాన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. ఒకటి వేగం కోసం, రెండోది చల్లదనం కోసం. ఉద్దేశాలు ఎదురెదురుగా ఉన్నా, రెండూ చేయి పెట్టేది ఒకే చోట: గడువుకూ, పని పూర్తయ్యే సమయానికీ మధ్య మిగిలిన కాస్త జాగాలో.

ఆ జాగా ఎక్కడి నుంచి వచ్చింది?

దామలచెరువు మామిడి మండీలో కాయల్ని చూడండి. ఒకే తోటవి, ఒకే చెట్టువి అయినా బేనీషా కాయలన్నీ ఒక ధర పలకవు. ఏరి, వేరుచేసి గ్రేడు కడతారు. చిప్పుల ఫ్యాక్టరీలోనూ ఇదే పని. ఒకే సిలికాన్ పళ్ళెం మీద తయారైన చిప్పులు ఒక్కొక్కటి ఒక్కోలా వస్తాయి. పరీక్షించి, ఎక్కువ వేగం తట్టుకున్నవాటికి పెద్ద నంబరు, మిగతావాటికి చిన్న నంబరు ముద్రిస్తారు. దానిపైన ఇంకొంత వోల్టేజ్ కలిపి అమ్ముతారు. ఎందుకంటే ఆ చిప్ ఏ ఊరికి వెళ్తుందో, ఏ ఎండలో నడుస్తుందో, ఎంత నాసిరకం మదర్‌బోర్డ్‌లో కూర్చుంటుందో, ఎన్నేళ్ళు పనిచేయాలో కంపెనీకి తెలియదు. ఇలా కలిపిన మిగులునే మార్జిన్ అంటారు.

ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ళు తినేది ఆ మిగులునే. ఒకప్పుడు అది చాలా ఎక్కువగా ఉండేది. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. బయటి క్లాక్ 66, దాన్ని హెచ్చించే లోపలి గుణకం నాలుగున్నర. బయటి క్లాక్‌ని 66 నుంచి 100కు మారిస్తే వేగం 450కి ఎగబాకేది. ఒక్కసారిగా సగం అదనం! చాలా చిప్పులు దాన్ని తట్టుకున్నాయి కూడా. మండీలో మొదటి గ్రేడు గిరాకీ తీరాక మంచి కాయలు రెండో రకం బుట్టలోకి వెళ్ళినట్టు, బాగా పరుగెత్తగల చిప్పులే చిన్న నంబరుతో అమ్ముడయ్యాయి.

ఇప్పుడా పరిస్థితి లేదు. ఈనాటి ప్రాసెసర్లు బూస్ట్ పేరుతో తమంతట తామే క్లాక్‌ని, వోల్టేజ్‌ని సెకనుకు ఎన్నోసార్లు మార్చుకుంటూ అంచు దగ్గరే నడుస్తుంటాయి. కోర్ ఐ9-14900కే పెట్టెలో నుంచి తీసినప్పుడే 6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. మనం తినగలిగిన మిగుల్లో సింహభాగం కంపెనీయే తినేసి మనకు అమ్మింది. దాని మీద ఇంకో 3 శాతం పిండడానికి పడే రిస్క్, 1998లో 50 శాతానికి పడ్డ రిస్క్‌తో పోల్చదగ్గది కాదని నా అభిప్రాయం.

పది శాతం వేగానికి ముప్పై మూడు శాతం వేడి

చిప్ పనిచేస్తూ పుట్టించే వేడి క్లాక్‌తో సమానంగా పెరుగుతుంది. వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గంగా, అంటే వోల్టేజ్‌ని వోల్టేజ్‌తో హెచ్చించినట్టు పెరుగుతుంది. ఒక లెక్క వేద్దాం. 4.5 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల దగ్గర ఒక ప్రాసెసర్ 100 వాట్లు తింటోందనుకుందాం. రెండింటినీ పదేసి శాతం పెంచాం: 4.95 గిగాహెర్ట్జ్, 1.32 వోల్టులు. 1.1ని మూడుసార్లు గుణిస్తే 1.331. అంటే 133 వాట్లు. వేగం 10 శాతం, వేడి 33 శాతం. చిప్ వేడెక్కేకొద్దీ ట్రాన్సిస్టర్ల గుండా వృథాగా కారిపోయే కరెంటు దీనికి అదనం. ఆ 10 శాతమైనా ప్రాసెసర్ మీదే ఆధారపడే పనుల్లోనే కనిపిస్తుంది. మెమరీ కోసమో గ్రాఫిక్స్ కార్డు కోసమో ఎదురుచూసే పనుల్లో అంత కూడా రాదు.

ఇప్పుడు ఇదే లెక్కను తిరుపతికి తీసుకొద్దాం. కూలర్ ఒక్కో వాట్‌కు 0.4 డిగ్రీల చొప్పున చిప్‌ని గది కన్నా వేడెక్కనిస్తుందనుకుందాం. 24 డిగ్రీల ఏసీ గదిలో మామూలు సెట్టింగుతో చిప్ 64 డిగ్రీల దగ్గర, పెంచిన సెట్టింగుతో 77 దగ్గర ఉంటుంది. రెండూ హాయైన అంకెలే. మే నెల మధ్యాహ్నం, ఫ్యాను మాత్రమే ఉన్న మేడపై గది 40 డిగ్రీలుంటే మామూలు సెట్టింగు 80, పెంచినది 93. కంప్యూటర్ డబ్బా లోపలి గాలి గది కన్నా ఐదు డిగ్రీలు ఎక్కువైతే 98. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీలు, ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరసలో చాలావాటికి 95 డిగ్రీలు గరిష్ఠ పరిమితి. చిప్ వేడెక్కితే సంకేతాలు గడువు అందుకోవడం కూడా కష్టమవుతుంది. చలిదేశంలో ఎవరో వీడియో తీసి చూపించిన సెట్టింగు మన దగ్గర ఎందుకు నిలవదో ఇక్కడే తెలిసిపోతుంది.

పరిమితి తగిలితే చిప్ కాలిపోదు. తనే క్లాక్ తగ్గించుకుంటుంది. దీన్ని థ్రాట్లింగ్ అంటారు. ఘాట్ రోడ్డులో బ్రేకులు వేడెక్కితే బండి నిదానం చేసినట్టు. అందుకే ‘వేడెక్కితే అదే తగ్గించుకుంటుందిలే’ అని ధీమాగా ఉండేవాళ్ళున్నారు. వేడి విషయంలో ఆ ధీమా చాలావరకు సరైనదే. కానీ ఆ కాపలా వేడికే. చేత్తో 1.45 వోల్టులకు బిగించి పెడితే, చిప్ 60 డిగ్రీల దగ్గర చల్లగా ఉన్నా వోల్టేజ్ వల్ల కలిగే అరుగుదలను ఆ కాపలాదారు పట్టించుకోడు.

మోటారు వేసినప్పుడు బల్బు మసకబారినట్టు

పొలంలో బోరు మోటారు వేయగానే పక్కన షెడ్డులో బల్బు ఒక్క క్షణం మసకబారడం చూసే ఉంటారు. ప్రాసెసర్‌లోనూ ఇదే జరుగుతుంది. ఖాళీగా ఉన్న కోర్లన్నీ (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఒక్కసారిగా పనిలో పడితే కరెంటు పదుల ఆంపియర్లు ఎగబాకుతుంది. ఆ క్షణంలో వోల్టేజ్ పడుతుంది. సెట్టింగులో 1.20 అని ఉన్నా, చిప్‌కి అందేది 1.12 కావచ్చు.

అండర్‌వోల్టింగ్ చేసిన కంప్యూటర్ గంటలకొద్దీ బాగా నడిచి, ఉన్నట్టుండి రీస్టార్ట్ కావడానికి చాలాసార్లు ఇదే కారణం. సగటు వోల్టేజ్ సరిపోయింది, ఆ ఒక్క గుంతలో సరిపోలేదు. దీనికి మందుగా మదర్‌బోర్డులు లోడ్‌లైన్ కాలిబ్రేషన్ అనే సెట్టింగు ఇస్తాయి. పడిపోయే వోల్టేజ్‌ని అది ఎత్తిపడుతుంది. అయితే పని ఆగిపోయిన మరుక్షణం, ఎత్తిపట్టిన వోల్టేజ్ వెనక్కి తగ్గేలోపు పైకి ఎగురుతుంది. గుంతను పూడ్చబోతే దాని పక్కనే ఒక మిట్ట లేచింది. దాన్ని ఎక్కువగా బిగిస్తే బయోస్‌లో రాసిన అంకె కన్నా అసలు చిప్ చూసే అంకె పెద్దదై ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే వోల్టేజ్ సెకనుకు ఒకటి రెండుసార్లు తీసే ఫోటో లాంటిది. ఈ ఎగుడుదిగుళ్ళు దానికి అందవు.

ఆగిపోతే అదృష్టం

గడువు తప్పిన జవాబు వల్ల ఏమవుతుంది? అది ఎక్కడ తప్పిందనే దాన్ని బట్టి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కీలకమైన చోట తప్పితే బ్లూ స్క్రీన్. ప్రోగ్రామ్‌లో తప్పితే ఆ ప్రోగ్రామ్ మూసుకుపోతుంది. ఇవి కంటికి కనబడతాయి కాబట్టి మేలు. లెక్కలోని ఒక అంకెలోనో, ఫోటోలోని ఒక బిట్‌లోనో తప్పితే ఎవరూ గమనించరు. తప్పు జవాబు డిస్క్ మీదికి ఎక్కి, బ్యాకప్‌లోకి కూడా చేరి, నింపాదిగా కూర్చుంటుంది.

ఇది కట్టుకథ కాదు. ఓవర్‌క్లాకింగ్ ఊసే లేని పెద్ద డేటా సెంటర్లలో కూడా ఇలా జరుగుతోందని గూగుల్, ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2021లో బయటపెట్టారు. ఫేస్‌బుక్ వాళ్ళు చెప్పిన ఉదాహరణ ఒకటి గుర్తుండిపోయేది. 1.1ని 53వ ఘాతానికి హెచ్చించి పూర్ణాంకం తీసుకుంటే 156 రావాలి. ఒక మెషీన్‌లోని ఒకే ఒక్క కోర్ 0 అని చెప్పేది. కుదించిన ఫైల్‌ని తిరిగి విప్పేటప్పుడు సైజు సున్నా అని లెక్క రావడంతో, ఆ ఫైల్‌ని లేనట్టే వదిలేసేది. లోపమున్న చిప్‌లో తయారీ సమస్యతో జరిగిందే, మంచి చిప్‌లో మనం గడువు తగ్గించినా జరుగుతుంది.

స్ట్రెస్ టెస్ట్ (చిప్‌కి ఊపిరాడని పని ఇచ్చి చూసే పరీక్ష) పాసైంది కదా అంటారా? 5 గిగాహెర్ట్జ్ చిప్ గంటకు 18 లక్షల కోట్ల దెబ్బలు, రోజుకు 432 లక్షల కోట్ల దెబ్బలు కొడుతుంది. రోజుకు సగటున ఒక్క తప్పు చేసే చిప్‌ని గంటసేపు పరీక్షిస్తే, 24 సార్లలో సుమారు 23 సార్లు అది శుభ్రంగా పాసవుతుంది. పరీక్ష ఎంతసేపు చేశారన్నదే కాదు, ఏ పనితో చేశారన్నదీ ముఖ్యమే. ఒక టెస్ట్ చిప్‌లోని కొన్ని దారులనే తొక్కుతుంది. పొట్టి కాళ్ళాయన వేరే వరసలో ఉండొచ్చు. డిసెంబర్‌లో చేసిన పరీక్ష మే నెలకు హామీ ఇవ్వదన్నది ఇప్పటికే చూశాం.

స్వర్ణముఖి ఇసుకలా కదిలే రాగి

చిప్ అరుగుతుందంటే చాలామంది నమ్మరు. కదిలే భాగాలే లేవు కదా అంటారు. ఎలక్ట్రాన్లు కదులుతాయి. స్వర్ణముఖిలో వరద వచ్చినప్పుడు ఇసుక ఒకచోట కోసుకుపోయి ఇంకోచోట మేట వేసినట్టు, గట్టిగా పారే కరెంటు సన్నని రాగి తీగల్లోని పరమాణువుల్ని ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా నెడుతుంది. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. కరెంటు, వేడి పెరిగేకొద్దీ ఇది జోరందుకుంటుంది. ఇంకో అరుగుదల ట్రాన్సిస్టర్ల గేట్ల దగ్గర జరుగుతుంది. అధిక వోల్టేజ్ అక్కడి పలుచని పొరలో విద్యుదావేశాలను ఇరికిస్తుంది. దాంతో ట్రాన్సిస్టర్ నిదానిస్తుంది.

ఫలితం చిప్ చావడం కాదు. నిరుడు 1.25 వోల్టుల దగ్గర నిలకడగా నడిచిన వేగానికి ఈ ఏడు 1.28 కావాల్సి వస్తుంది. అది సరిచేద్దామని వోల్టేజ్ పెంచితే అరుగుదల ఇంకా పెరుగుతుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

ఎవరూ ముట్టుకోకుండానే జరిగినవి

ఇక్కడిదాకా అయితే ‘నేను ఆ జోలికే పోలేదు, నాకేం భయం’ అనుకోవచ్చు. 2023, 2024 నాటి వార్తలు ఆ ధీమాను కదిలించాయి.

2023 ఏప్రిల్‌లో కొన్ని ఏఎమ్‌డీ రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే ఉబ్బి, కాలిన ఫోటోలు బయటికొచ్చాయి. చాలామంది చేసిందల్లా ర్యామ్ పెట్టె మీద రాసిన వేగం రావడానికి ఎక్స్‌పో అనే ఒక్క మీట నొక్కడం. ఆ మీటతో కొన్ని మదర్‌బోర్డులు చిప్‌లోని ఎస్ఓసీ అనే, మెమరీతో మాట్లాడే భాగానికి వోల్టేజ్‌ని మోతాదుకు మించి పెంచాయి. తర్వాత ఏఎమ్‌డీ ఆ వోల్టేజ్‌కి 1.3 వోల్టుల పరిమితి పెడుతూ బయోస్ అప్‌డేట్లు ఇప్పించింది. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌పో, ఎక్స్‌ఎంపీ మీటల్ని కంపెనీలు అధికారికంగా ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్కగడతాయని అప్పటిదాకా చాలామందికి తెలియదు. షాపుల్లో అసెంబుల్ చేసి ఇచ్చేటప్పుడు ఈ మీట వేసే ఇవ్వడం మామూలే.

ఇంటెల్ కథ ఇంకా చిక్కు. 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గేములు ‘వీడియో మెమరీ చాలదు’ అంటూ మూసుకుపోవడం మొదలైంది. తప్పంతా గ్రాఫిక్స్ కార్డుదే అనుకుని జనం దాని వెంట పడ్డారు. మొదట వేళ్ళు మదర్‌బోర్డుల వైపు చూపాయి. అందులో నిజముంది. 253 వాట్ల దగ్గర ఆగాల్సిన ప్రాసెసర్‌కి చాలా బోర్డులు మనం అడక్కుండానే 4096 వాట్లు అని, అంటే పరిమితే లేదని, సెట్ చేసి అమ్మాయి. కానీ అదొక్కటే కాదు. తమ మైక్రోకోడ్ (చిప్ లోపల నడిచే ఆదేశాల ప్రోగ్రామ్) కూడా అవసరానికి మించిన వోల్టేజ్ అడుగుతోందని 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో వచ్చిన అప్‌డేట్ ఆ కోరికకు 1.55 వోల్టుల దగ్గర అడ్డుకట్ట వేసింది. ఎక్కువ వోల్టేజ్, వేడి కలిసి కోర్ లోపలి క్లాక్ సర్క్యూట్‌నే అరగదీశాయని సెప్టెంబర్‌లో వివరించింది. మన ఉపమానంలో చెప్పాలంటే డోలు కొట్టేవాడి చెయ్యే లయ తప్పింది.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. ప్రమాదకరమైన వోల్టేజ్ వెళ్ళిన సందర్భాల్లో భారీ పని జరుగుతున్నప్పుడే కాదు, కంప్యూటర్ దాదాపు ఖాళీగా ఉన్నప్పటివి కూడా ఉన్నాయి. ఒకటి రెండు కోర్లకు చిన్న పని తగిలినప్పుడు వాటిని అత్యధిక వేగానికి ఎగరేయడానికి చిప్ పెద్ద వోల్టేజ్ అడుగుతుంది. ‘నేను గేములు ఆడను, బ్రౌజింగే’ అన్నవాళ్ళకూ అందుకే మినహాయింపు దక్కలేదు. అప్‌డేట్ ఇక ముందు అరుగుదలను ఆపుతుందే కానీ, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయలేదు. ఇంటెల్ ఆ ప్రాసెసర్లకు వారంటీని రెండేళ్ళు పొడిగించింది.

తగ్గిస్తే ప్రమాదమేమీ లేదా?

అండర్‌వోల్టింగ్‌ని సమర్థించేవాళ్ళ వాదన బలమైనదే. ఇందాకటి 100 వాట్ల చిప్‌లో క్లాక్ కదపకుండా వోల్టేజ్‌ని 1.20 నుంచి 1.12కు దించితే వేడి 87 వాట్లకు తగ్గుతుంది. 40 డిగ్రీల గదిలో చిప్ 80 బదులు 75 దగ్గర ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో అయితే థ్రాట్లింగ్ తగ్గి వేగం కాస్త పెరుగుతుంది కూడా. చిప్‌కి భౌతికంగా హాని లేదు. అరుగుదల తగ్గుతుంది. కరెంటు బిల్లు కోసమైతే ఆశ పడక్కర్లేదు: రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు మూడు యూనిట్లు మిగులుతాయి.

ఇందులోని రిస్క్ అంతా డేటాది. హార్డ్‌వేర్ క్షేమంగా ఉండి, అందులోని జవాబులు చెడిపోతాయి. మా అక్క కొడుక్కి జరిగింది అదే.

ఇంకో కోణం భద్రతకు సంబంధించింది. వోల్టేజ్‌ని సరిగ్గా తప్పు జరిగే అంచుకు దించితే, చిప్ లోపలి రహస్య గదిలో జరిగే లెక్కల్లోనూ తప్పులు పుట్టించవచ్చని, ఆ తప్పుల నుంచి ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు రాబట్టవచ్చని 2019 డిసెంబర్‌లో యూరప్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూపించారు. ప్లండర్‌వోల్ట్ అని దానికి పేరు పెట్టారు. ఇంటెల్ ఎస్‌జీఎక్స్ అనే రక్షణ వ్యవస్థ దాని గురి. అంతకు రెండేళ్ళ ముందే, 2017లో, క్లాక్, వోల్టేజ్‌ల మీటలతోనే ఫోన్ ప్రాసెసర్ మీద ఇలాంటి దాడి చేయవచ్చని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు నిరూపించారు. ప్లండర్‌వోల్ట్ తర్వాత వచ్చిన అప్‌డేట్లతో చాలా ల్యాప్‌టాప్‌లలో అండర్‌వోల్టింగ్‌కి తాళం పడింది. చల్లదనం కోసం దాన్ని వాడుకున్నవాళ్ళు ఇప్పటికీ తిట్టుకుంటుంటారు. ఇంట్లో వాడే గేమింగ్ ల్యాప్‌టాప్‌కి ఆ దాడితో వచ్చే ముప్పు చాలా తక్కువ కాబట్టి వాళ్ళ కోపాన్ని తప్పుపట్టలేం. సర్వర్లను అద్దెకిచ్చే కంపెనీ వైపు నుంచి చూస్తే ఆ తాళం తప్పనిసరి.

ఎవరి లెక్క వారిది

పాతికేళ్ళుగా ఓవర్‌క్లాకింగ్ చేస్తున్నాం, ఒక్క చిప్ కూడా చావలేదు అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మంచి కూలర్, చల్లని గది, మితమైన వోల్టేజ్ ఉండి, మూడు నాలుగేళ్ళకోసారి ప్రాసెసర్ మార్చేవాళ్ళకు అరుగుదల కనబడేలోపే చిప్ చేతులు మారుతుంది. వాళ్ళ కంప్యూటర్‌లో పోయేది ఎక్కువలో ఎక్కువ ఒక గేమ్ సేవ్. అదే ప్రాసెసర్ మీద జీఎస్టీ లెక్కలు చేసే ఆడిటర్‌కో, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోకో పది శాతం వేగం కన్నా ఒక్క తప్పు బిట్ ఖరీదైనది. ఒకే సెట్టింగు ఇద్దరికి ఒకే రిస్క్ కాదు.

వారంటీ విషయంలో కంపెనీల మాట, చేత వేర్వేరుగా ఉంటాయి. క్లాక్ మార్చుకునేలా తాళం తీసిన ప్రాసెసర్లను ఎక్కువ ధరకు అమ్ముతాయి, సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్ తామే ఇస్తాయి, దానివల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని షరతుల్లో రాస్తాయి. దీన్ని విమర్శించేవాళ్ళతో నేను ఏకీభవిస్తాను. అయితే కంపెనీ వైపు కూడా ఒక న్యాయముంది. మిగులు పెట్టింది తామైతే, దాన్ని తినేసినవాళ్ళకు కొత్త చిప్ ఎందుకివ్వాలి? 2024లో మిగులు తినేసింది తామే కాబట్టి గడువు పొడిగించక తప్పలేదు.

అన్నిటికన్నా ఇరుకున పడేది సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు. వోల్టేజ్ చరిత్ర చిప్ మీద రాసి ఉండదు. బయోస్‌ని ఫ్యాక్టరీ సెట్టింగుకు తెస్తే పాత యజమాని మార్పులు పోతాయి, పాత అరుగుదల పోదు.

మావాడి విషయంలో వోల్టేజ్ తగ్గించి ఉంది కాబట్టి అరుగుదల పెద్దగా ఉండకపోవచ్చనుకున్నాను. ఫ్యాక్టరీ సెట్టింగు పెట్టాక మిగిలిన మే నెలంతా ఒక్కసారి కూడా గేమ్ మూసుకుపోలేదు. పాత గ్రాఫిక్స్ కార్డు మళ్ళీ పెడితే అదీ భేషుగ్గా పనిచేసింది. ఆ ఐదు నెలల్లో వాడు కట్టిన జిప్ ఫైళ్ళు పదకొండు. తొమ్మిది తెరుచుకున్నాయి. రెండింటిలో ఫైళ్ళు చెడిపోయాయని కంప్యూటరే చెప్పింది. జిప్ చేయకుండా కాపీ చేసిన నాలుగు వేల ఫోటోల్లో ఎన్ని బాగున్నాయో వాడు ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నాడు.